ఇల్లు అద్దెకు అడిగితే కులం వెతికేవాళ్ల మీద ఎనిమిది నిమిషాల హాస్య చిత్రం: రాయడం నుంచి ఊళ్లో వేయడం దాకా

టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లను అద్దె మాట రాకముందే ఇంటాయన అడిగేవి కొన్నుంటాయి. ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఊళ్లో ఏ వీధి, చర్చికి వెళ్తారా, మాంసం వండుతారా. "మీరేమిట్లు?" అని, అంటే ఏ కులమని, సూటిగా అడిగేసేవాళ్లూ ఉన్నారు. పట్నంలో చదువుకున్నవాళ్లు మాత్రం ఆ ఒక్క మాట తప్ప అన్నీ అడుగుతారు. దళితులకు ఇల్లు దొరక్కుండా చేసేది ఈ మర్యాదగా సాగే విచారణే. హాస్య చిత్రానికి ఇంత పనికొచ్చే వస్తువు మరొకటి దొరకడం కష్టం: ఒకే ఇల్లు, ముగ్గురు నటులు, పగటి వెలుతురు, ఒక ఫోను చాలు. మొదటిసారి తీసేవాళ్లు దీంతో మొదలుపెట్టడం మంచిది. ఊళ్లో టీకొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి మీదో, క్షవరం చేయననడం మీదో తీయాలనుకున్నా కింద చెప్పే పద్ధతి మారదు.

ముందు వినండి, తర్వాత రాయండి

ఇల్లు దొరక్క తిరిగిన పది పన్నెండు మందితో మాట్లాడండి. ఒక్కొక్కరికి గంట కేటాయించండి. "మీకెలా అనిపించింది" అని మొదలుపెట్టకండి. బాధను ఇంకోసారి తవ్వడం తప్ప దానివల్ల స్క్రిప్టుకు ఒరిగేది లేదు. "ఆయన సరిగ్గా ఏ మాటలు అన్నాడు, ఆ తర్వాత మీరేమన్నారు" అని అడగండి. సంభాషణ అక్కడే దొరుకుతుంది. ముందురోజు అడ్వాన్సు తీసుకుంటానన్న మనిషి మర్నాడు "మా తమ్ముడు వస్తున్నాడండీ" అనడం, ఖాళీ పోర్షనుకు ఉన్నట్టుండి మరమ్మతులు గుర్తుకురావడం లాంటివి బల్ల ముందు కూర్చుని ఊహిస్తే రావు.

చెప్పినవాళ్ల పేరు, వీధి, ఉద్యోగం స్క్రిప్టులో ఉండకూడదు. ముగ్గురు చెప్పిన సంగతులు కలిపి ఒక పాత్ర చేస్తే ఎవరిదని గుర్తుపట్టే వీలుండదు. రాత పూర్తయ్యాక వాళ్లకు చదివి వినిపించి, వద్దన్నది తీసేయండి.

రాసే బృందం సంగతి ఇంకా ముఖ్యం. దళితులు తెర మీద మాత్రమే కనిపించి, రాసేవాళ్లూ తీసేవాళ్లూ అంతా ఇతరులైతే ఆ సినిమాలో ఏదో ఒక చోట నవ్వు తప్పుదారి పడుతుంది. కనీసం ఒక దళిత రచయిత ఉండాలి, ఏ జోకు ఉండాలో ఏది పోవాలో ఆ రచయితదే చివరి మాట కావాలి. ఈ పని ఉచితంగా చేయించుకోకండి. బడ్జెట్ ఎంత చిన్నదైనా అందులో మొదటి ఖర్చు రచయితకూ నటులకూ ఇచ్చే పారితోషికమే. కెమెరా అద్దె ఆ తర్వాత.

నవ్వు ఎక్కడ పుడుతుంది

కులం పాటించే మనిషి తన నియమాన్ని పూర్తిగా పాటించలేడు. పొలంలో దళితులు పండించిన బియ్యం తింటాడు, వాళ్లు ముట్టుకున్న చెంబు ముట్టడు. గోడ కట్టించుకుంటాడు, ఆ గోడల మధ్య ఉండనివ్వడు. నోటు తీసుకుంటాడు, గ్లాసు మాత్రం వేరుగా పెడతాడు. ఇప్పుడు కొన్నిచోట్ల ఆ రెండో గ్లాసు పేపరు కప్పుగా, ప్లాస్టిక్ కప్పుగా మారింది. "శుభ్రత కోసం" అనే సమాధానం కూడా దానితోపాటే వచ్చింది. ఈ వైరుధ్యాలను ఒక కాగితం మీద వరుసగా రాయండి. ఇరవై వచ్చేదాకా ఆపకండి. మొదటి ఐదూ అందరికీ తట్టేవే, పదో దాని తర్వాతే మీ సినిమాకు పనికొచ్చేది కనబడుతుంది. అందులో ఒక్కటే ఎంచుకుని కథంతా దాని మీద నిలపండి.

మనం ఎంచుకున్న ఇంటి కథలో ఆ ఒక్కటి ఇది: ఇంటాయన తన ఇల్లు కట్టిన మేస్త్రిని ఆకాశానికెత్తుతాడు, అదే మేస్త్రి కూతురు సునీతకు ఆ ఇంట్లో పోర్షను ఇవ్వడానికి వెనకాడతాడు.

ప్రతి డైలాగు పక్కనా రెండు ప్రశ్నలు రాసుకోండి. ఈ మాటకు ప్రేక్షకుడు ఎవరిని చూసి నవ్వుతాడు? ఆ సమయంలో దళిత పాత్రకు పరిస్థితి అర్థమైందా లేదా? మొదటిదానికి జవాబు "దళిత పాత్రను చూసి" అని వస్తే ఆ లైను ఎంత బాగా పేలినా కొట్టేయాలి. రెండోదానికి జవాబు ఎప్పుడూ "అందరికన్నా ముందే అర్థమైంది" అని ఉండాలి. ఆమె అమాయకురాలైతే చూసేవాళ్లకు జాలి కలుగుతుంది. ఆమెకు అంతా తెలిసి, ఎదుటివాడు ఎంత దూరం వెళ్తాడో ఓపిగ్గా చూస్తుంటే నవ్వు వస్తుంది, ఆ నవ్వు ఆమె వైపు నిలబడుతుంది.

ఇది తెలుగు నేలకు కొత్త పద్ధతేమీ కాదు. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం చెబితే మరొకరు రాజకీయం విసురుతారు, రెండూ ఒకే కథలో ఒకదాన్నొకటి మోస్తాయి. చిందు కళాకారులు మాదిగ వాడల్లో ఆడే జాంబపురాణంలో జాంబవంతుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు, పుట్టుకతో వచ్చే గొప్పతనాన్ని ప్రశ్నలతో నిలదీస్తాడు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి దళిత బస్తీల్లోకి హరికథలతోనే వెళ్లారు. స్క్రిప్టు రాసేవాళ్లు ఒక్క రాత్రయినా చిందు భాగోతం చూడాలి. ప్రశ్నకు ప్రశ్నతో జవాబివ్వడమెలాగో ఏ స్క్రీన్‌ప్లే పాఠమూ అంత బాగా నేర్పదు.

ఎనిమిది నిమిషాల లెక్క

పేజీకి నిమిషం అనే లెక్క తెలుగు సంభాషణలకు సరిపోదు, ఎప్పుడూ పొడుగవుతుంది. స్టాప్‌వాచ్ పెట్టి గట్టిగా చదవండి. నవ్వులకు వదలాల్సిన ఖాళీలు తీసేసి ఏడు నిమిషాలు వస్తే సరైన కొలత.

మొదటి 40 సెకన్లు ఫోను సంభాషణ: పోర్షను ఖాళీగా ఉంది, అద్దె కుదిరింది, రమ్మన్నారు. రెండో నిమిషం చివరిదాకా ఇల్లు చూపించడం. ఇక్కడే విత్తనం నాటాలి. "పూజగదితో సహా మొత్తం ఒకే మేస్త్రి కట్టాడమ్మా, గోడకు దారం కట్టి చూడు, వెంట్రుకవాసి తేడా ఉండదు" అని ఇంటాయన మురిసిపోతాడు. సునీత గోడ మీద చెయ్యేసి చూస్తుంది, ఏమీ అనదు. రెండు నుంచి ఐదున్నర దాకా ప్రశ్నలు, మూడు విడతలు. ఒక్కో విడతా ముందుదాని కన్నా చుట్టుతిరుగుడుగా ఉండాలి. ఉదాహరణకు:

— ఊళ్లో మీది ఏ వీధమ్మా?
— బస్టాండు పక్కనండీ.
— బస్టాండుకు తూర్పా, పడమరా?
— బస్టాండే మార్చేశారండీ. ఇప్పుడు మేం ఊరి మధ్యలో ఉన్నాం.

తర్వాత ఇంటావిడ అందుకుంటుంది:

— మాంసం వండుతారా?
— మీరు వండరాండీ?
— వండుతాం. కానీ మేం వండేది వేరు.
— ఎలా వండాలో చెప్పండమ్మా, అలాగే వండుతాం.

ఇందులో సునీత ఎక్కడా వెటకారంగా మాట్లాడలేదు, మర్యాద తప్పలేదు. అడిగినదానికి జవాబిచ్చింది. ఎదుటివాళ్ల ప్రశ్నలోని వంకర తానంతట తానే బయటపడింది. మూడో విడతకు వచ్చేసరికి వాళ్లు పెళ్లి సంబంధాలు, పండగలు, తాతల పేర్లు అన్నీ తిరిగేసి అలసిపోవాలి. ఎనిమిది నిమిషాల్లో "కులం" అనే మాట వాళ్ల నోట ఒక్కసారి కూడా రాకూడదు. ఈ ఒక్క నిబంధన స్క్రిప్టును నిలబెడుతుంది.

ఐదున్నర నుంచి ఆరున్నర దాకా భార్యాభర్తల వంటింటి మంతనం. ఇద్దరూ గుసగుసగా గొడవపడతారు. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల గొడవ కాదు, ఎలా తెలుసుకోవాలన్నదే. ఆ తర్వాత బయటికి వచ్చిన ఇంటాయనతో సునీత తనే చెబుతుంది: తన కులం పేరు, తండ్రి పేరు, ఆయన మేస్త్రి అని, ఈ పూజగది గోడలు కట్టింది ఆయనేనని. గొంతు పెంచకుండా, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. చెప్పాక "అద్దె ఐదో తారీఖుకు ఇవ్వనా, పదికా?" అని అడుగుతుంది. జవాబు చూపించకుండా సినిమా ఆపేయండి.

ఏ కులం పేరు చెప్పాలన్నది ఆ పాత్ర వేసేవాళ్లూ దళిత రచయితా కలిసి నిర్ణయించాలి. తెలంగాణ షెడ్యూల్డ్ కులాల జాబితాలోనే 59 కులాలున్నాయి. వాటి మధ్య ఉన్న తేడాల మీద జోకులు ఈ సినిమాలో వద్దు. బయటివాళ్లు వాటినే పట్టుకుని అసలు విషయం పక్కకు నెట్టేస్తారు.

స్క్రిప్టు ఎక్కడ చెడుతుంది

అన్నిటికన్నా ఎక్కువగా కనబడే తప్పు ఇంటాయన కొడుకు. అమెరికా నుంచో కాలేజీ నుంచో వచ్చి తండ్రికి బుద్ధిచెప్పి ఇల్లు ఇప్పిస్తాడు. ఆ పాత్ర వచ్చిన క్షణం నుంచి కథ అతనిదైపోతుంది, సునీత ప్రేక్షకురాలైపోతుంది. కొడుకు పాత్ర పూర్తిగా తీసేయండి.

రెండోది, సునీతను కలెక్టరుగా తేల్చడం. పెద్ద ఉద్యోగం తెలిశాక ఇంటాయన వంగి దండం పెడితే హాల్లో చప్పట్లు పడతాయి, నిజమే. కానీ కూలీ చేసుకునే మనిషికి ఇల్లు నిరాకరించడం సబబే అన్న అర్థం దాని కింద మిగిలిపోతుంది. సునీతది మామూలు ఉద్యోగమే ఉండాలి. మేస్త్రి మలుపు కూడా ఈ గోతిలో పడగలదు: "మా నాన్న కట్టాడు కాబట్టి ఇవ్వండి" అని ఆమె బతిమాలినట్టు ధ్వనించకూడదు. అందుకే ఆ వాక్యం తర్వాత అభ్యర్థన లేకుండా అద్దె తారీఖు ప్రశ్న పెట్టాం.

మూడోది, ఇంటాయనను రాక్షసుడిగా చేయడం. మీసాలు మెలేసి కేకలేసే మనిషిని చూసి ఏ ప్రేక్షకుడూ "ఇది నేనే" అనుకోడు. కాఫీ ఇస్తాడు, ఫ్యాను వేస్తాడు, "మా అమ్మాయి లాంటిదానివి" అంటాడు. అంత మంచిగా ఉంటూనే అడుగుతాడు. చూసేవాళ్లకు తమ మేనమామ గుర్తుకు రావాలి.

చివర్లో అందరూ మనుషులే అనే ప్రసంగం, మనిషి రక్తం ఎరుపే అనే డైలాగు, కౌగిలింతలు అన్నీ కత్తిరించండి. దళిత పాత్ర ముఖానికి నల్లరంగు పూయడం, ఆమె యాసను నవ్వులాటకు వాడడం, ఆమె తండ్రిని అందరూ "వాడు" అనడం తెలుగు తెర మీద చాలాకాలం జరిగాయి. ఇవి పొరపాటున కూడా రాకుండా చూడాల్సింది దర్శకుడే.

మాటలూ చట్టమూ

కులం పేరుతో తిట్టే మాటలు "వాస్తవికత కోసం" పెట్టకండి. ఆ మాట విన్న దళిత ప్రేక్షకుడికి నవ్వు అక్కడే ఆగిపోతుంది, మరికొందరికి మాత్రం అదే ఒక్కటి నోటికి పట్టుకుంటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 కింద పదిమంది ముందు కులం పేరుతో దూషించడం నేరం. క్లిప్పు విడిగా తిరిగితే సందర్భం వెంట రాదని గుర్తుంచుకోండి. నిజమైన ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు, గుళ్ల పేర్లు వాడకండి. దేవుళ్ల మీద జోకు వద్దు, దాని అవసరం ఈ కథకు లేదు. భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం సెక్షన్ 196 కిందికి, మతభావాలను ఉద్దేశపూర్వకంగా అవమానించడం 299 కిందికి వస్తాయి. స్క్రిప్టును ఒక న్యాయవాదికి చూపిస్తే గంటలో తేలిపోయే పని.

నటులు, రిహార్సల్

ఇంటాయన, ఇంటావిడ పాత్రలకు హాస్యనటులకన్నా గంభీరంగా నటించేవాళ్లు మేలు. జోకు వేస్తున్నామని నటుడికి తెలిసినట్టు కనబడితే పట్టు జారిపోతుంది. ఇంటాయన నిజంగా ఇబ్బంది పడాలి. నాలుగు రిహార్సళ్లు పెట్టుకోండి: ఒకటి చదవడానికి, రెండు ఆ ఇంట్లోనే నడుస్తూ, చివరిది ఫోనులో రికార్డు చేసి చూసుకోవడానికి. సునీత పాత్రధారికి ఏ లైను దగ్గరైనా ఒళ్లు జలదరిస్తే అక్కడే ఆపి మార్చండి, షూటింగు రోజుదాకా దాచకండి.

తీయడం

రెండు రోజులు చాలు, రోజుకు సగం స్క్రిప్టు. ఫోనులో 1080పి, సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 50వ వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జులది కాబట్టి వేరే సంఖ్యలు పెడితే ట్యూబులైటు వెలుగు తెర మీద అలలుగా కదులుతుంది. ఎక్స్‌పోజరు, ఫోకస్ లాక్ చేయండి, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, 64 జీబీ ఖాళీ ఉంచుకోండి.

హాస్యాన్ని చెడగొట్టేది బొమ్మకన్నా శబ్దమే. ఫోను మైకుతో తీస్తే ఇంటాయన గొణుగుడు వినబడదు, ఆ గొణుగుడులోనే సగం నవ్వుంది. ఇద్దరికి రెండు కాలరు మైకులు అద్దెకు తెచ్చుకోండి. ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపేయండి. బండి తాళాలు ఫ్రిజ్‌లో పెడితే వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ వేయడం మరచిపోరు. గొంతు మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. అందరూ మౌనంగా ఉన్న గది శబ్దం 30 సెకన్లు విడిగా రికార్డు చేయండి, ఎడిటింగులో అతుకులు దాచడానికి అదే దిక్కు.

ప్రతి సీనూ ముందు ముగ్గురూ కనబడే వెడల్పు షాటులో మొత్తం తీయండి. ప్రశ్న అడిగేవాళ్ల ఇబ్బంది, వినేవాళ్ల నెమ్మది ఒకే ఫ్రేములో ఉంటేనే పేలుతుంది. తర్వాత మాట లేని ముఖాలు, ఒక్కోటి పది సెకన్లు కదలకుండా. వీటిని తొందరలో వదిలేసినవాళ్లంతా ఎడిటింగు బల్ల ముందు వెతుక్కుంటారు.

కూర్పు

డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షను ఈ పనికి సరిపోతుంది. రెండు కాపీలు కత్తిరించండి. ఊళ్లో వేసే కాపీలో ప్రతి నవ్వు తర్వాత ఒకటిన్నర, రెండు సెకన్లు ముఖాల మీద నిలవండి, లేకపోతే నవ్వుల హోరులో తర్వాతి ప్రశ్న పోతుంది. యూట్యూబు కాపీలో ఆ ఖాళీలు తగ్గించండి. ఫోనులో ఒంటరిగా చూసేవాళ్లకు అవి సాగదీతగా అనిపిస్తాయి. నవ్వాల్సిన చోట ట్యుంయ్ మనే సంగీతం, వెనక నవ్వుల శబ్దం వద్దు. తెలుగు సబ్‌టైటిళ్లు కూడా పెట్టండి, బస్సులో శబ్దం లేకుండా చూసేవాళ్లు చాలామంది.

ముందుగా చిన్న గుంపుకు

బయటికి వదిలేముందు రెండు గుంపులకు విడివిడిగా వేయండి, ఒక్కో దానిలో ఎనిమిది నుంచి పదిమంది. మొదట దళితులకే. వాళ్లు నవ్వని చోట ఏదో తప్పుంది, వివరణ ఇవ్వకుండా రాసుకోండి. తర్వాత ఇతర కులాలవాళ్లకు. స్క్రీను చూడకండి, ముఖాలు చూస్తూ ఏ నిమిషంలో ఎవరు నవ్వారో గుర్తుపెట్టుకోండి. సునీత ఇరుకున పడ్డచోట రెండో గుంపు నవ్వితే ఆ సీను తిరగరాయాలి. వాళ్లు మూడో నిమిషంలో గట్టిగా నవ్వి ఏడో నిమిషంలో మౌనంగా అయిపోతే సినిమా పనిచేస్తున్నట్టే.

ఊళ్లో ప్రదర్శన

చోటు ఎంచుకోవడంలోనే చాలా ప్రదర్శనలు దెబ్బతింటాయి. వాడలో వేస్తే ఊరివాళ్లు రారు, గుడి ముందు వేస్తే వాడవాళ్లు రాలేరు. ప్రభుత్వ బడి ఆవరణ మంచిది. కుర్చీలు వేస్తే అందరికీ వేయండి, లేదా అందరికీ చాపలే. పెద్దమనుషులకని ముందువరుస విడిచిపెట్టకండి. మంచినీళ్ల దగ్గర ఒకే రకం గ్లాసులుండాలి. టీ పెట్టేవాళ్లలో, అందించేవాళ్లలో దళితులు ఉండాలి. ఆ టీ ఎవరు తాగుతారో ఎవరు తాగరో సినిమాకన్నా ముందే తెలిసిపోతుంది.

చీకటి పడ్డాకే తెర నిలుస్తుంది: 3000 ల్యూమెన్లకు తగ్గని ప్రొజెక్టరు, ఎనిమిదడుగుల వెడల్పు తెర, రెండు స్పీకర్లు, జనరేటరు. మైకు అనుమతి పోలీసు స్టేషనులో ముందే రాయించుకోండి. రాత్రి పదింటి తర్వాత లౌడ్‌స్పీకర్లకు అనుమతి ఉండదు కాబట్టి ఏడున్నరకు మొదలుపెట్టండి. బహిరంగ ప్రదర్శనకు 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సారు సర్టిఫికెట్ కావాలి, ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో దరఖాస్తు చేయొచ్చు. అది లేదన్న సాకుతో ఆపించడం తేలిక, అందుకే ఆ పని ముందే ముగించండి. ప్రతి నెలా 30న గ్రామాల్లో జరపాల్సిన పౌరహక్కుల దినానికి తహసీల్దారు, ఎస్సై వస్తారు. ఆ రోజు సినిమా వేయమని అర్జీ ఇవ్వండి. అధికారులు కూర్చున్నచోట రభస చేసేవాళ్లు తగ్గుతారు. ఏప్రిల్ 11 నుంచి 14 దాకా ఫూలే, అంబేద్కర్ జయంతుల రోజులూ అనుకూలమే.

సినిమా అయ్యాక చర్చ అరగంట చాలు. "మీకు జరిగింది చెప్పండి" అని దళితులను లేపి నిలబెట్టకండి. పొద్దున లేస్తే అదే ఊళ్లో వాళ్లు కూలికి వెళ్లాలి. ప్రశ్న ఇతరుల వైపు తిప్పండి: "ఇందులో ఏ ప్రశ్న మీరు ఎవరినైనా అడిగారు?" చేతులెత్తక్కర్లేదు, చీటీల మీద పేరు లేకుండా రాసి డబ్బాలో వేస్తే చాలు. ఐదారు చదివి వినిపించండి. మొదట మాట్లాడే అవకాశం ఊరి పెద్దకు ఇస్తే ఆయన "మా ఊళ్లో అలాంటివి లేవు" అంటాడు, ఆ తర్వాత ఎవరూ నోరు తెరవరు. మొదటి మాట ఒక ఆడమనిషికి ఇవ్వండి.

చివర్లో చట్టం సంగతి ఐదు నిమిషాలు: అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది; ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండనివ్వకుండా అంటరానితనం పేరిట అడ్డుకోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షను కింద నేరం; ఫిర్యాదుకు దేశవ్యాప్త హెల్ప్‌లైన్ 14566. ఆ నంబరు తెర మీద నిమిషం పాటు నిలిపి ఉంచండి, జనం ఫోనుల్లో ఫొటో తీసుకునేదాకా.

ఎవరైనా లేచి గొడవకు దిగితే మైకులో వాదించకండి. ప్రొజెక్టరు ఆపి, లైట్లు వేసి, నటులను, ముఖ్యంగా సునీత పాత్రధారిని, ముందే అనుకున్న ఇద్దరి తోడుతో అక్కడినుంచి పంపేయండి. జరిగినదంతా ఒక ఫోను రికార్డు చేస్తూ ఉండాలి. మీరు బండెక్కి వెళ్లిపోతారు, వాడవాళ్లు అక్కడే ఉంటారు. కాబట్టి వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి వెళ్లి, సినిమాకు వచ్చినందుకు ఎవరికైనా పని ఆపేశారా, మాటపడాల్సి వచ్చిందా అని కనుక్కోండి. అలా జరిగి ఉంటే ఫిర్యాదు రాయించడానికి వాళ్లతోపాటు స్టేషనుకు వెళ్లాల్సిన బాధ్యత సినిమా తీసినవాళ్లదే.